కిటికీ గట్టు మీది కట్టలు

మొన్న మా కోడలు ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ, భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి గుండ్రాలు గీసి వాటి మధ్య బాణాలు వేస్తుంటే, కాఫీ ఇచ్చే నెపంతో వెనక నిలబడి చూశాను. దీన్ని స్టేట్ మెషిన్ అంటారని పాపం ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఒక దరఖాస్తు ఎప్పుడు చూసినా ఏదో ఒక్క స్థితిలోనే ఉంటుందనీ, అక్కణ్ణుంచి బాణం ఉన్న వైపుకే కదులుతుందనీ, బాణం లేని వైపుకు ఎవరు తోసినా కదలదనీ. అంతా బుద్ధిగా విని, మూలనున్న ఓ గుండ్రం మీద వేలు పెట్టి, ఇందులోకి వచ్చినవాడు బయటికెలా పోతాడని అడిగాను. పిల్ల కాఫీ సంగతి మరిచిపోయి నా మొహం చూసింది. ఈ చదువు నేను ఏ కాలేజీలోనూ చదవలేదు, కలకత్తాలో ఖిదిర్‌పూర్ ఓడరేవు పక్కన చదువుకున్నాను, అదీ తిట్లు తిని.

తొంభైల మొదట్లో మావారికి బ్యాంకువాళ్ళు కలకత్తా బదిలీ చేస్తే వెంట వెళ్ళాను. కంప్యూటర్ కోర్సు చేసి ఉన్నాను గనక, ఓడల మీంచి సరుకు దింపే కూలీలకు గేటు పాసులిచ్చే ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాసే పని దొరికింది. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో కంప్యూటర్ అంటే పొట్టకొట్టే యంత్రమని గోడల నిండా ఎర్రటి అక్షరాల్లో రాసి ఉండేది. ఒక్క మనిషిని కూడా తీసెయ్యబోమని యూనియన్ వాళ్ళు కాగితం మీద రాయించుకున్నాకే మా పెట్టెను మేడ ఎక్కనిచ్చారు. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు, పొగరుకేమీ తక్కువ లేదు.

కింది గదిలో హెడ్ క్లర్కుగారుండేవారు. అక్కడి అలవాటు ప్రకారం అందరికీ ఆయన బొడోబాబు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పాసుల పని ఆయనదే, రిజిస్టరు కంటే ఆయన బల్లే ఎక్కువ చెప్పేది. పడుకోబెట్టిన కాగితాల కట్ట ఇంకా చూడనిది, నిలబెట్టింది విచారణలో ఉన్నది, నాడా కట్టింది పాసు ఇచ్చేసినది, మూల బుట్టలో పడింది తిరస్కరించినది. వారం రోజులు పక్కన కూర్చుని అన్నీ రాసుకుని, రిజిస్టరులో కనిపించిన ‘తిప్పిపంపినది’ అన్న మాటను కూడా కలుపుకుని గుండ్రాలు గీసి, ప్రోగ్రాము రాసేసి, నా అంతటిది లేదనుకున్నాను. కిటికీ గట్టు మీద సగం ఇటుక బరువు పెట్టిన కట్టలు కూడా కనిపించాయి, చూడలేదనను. కలకత్తా ఆఫీసులో కిటికీ గట్టు మీద ఏముండదు గనక, మట్టి టీ కప్పులూ గొడుగులూ పాన్ డబ్బాలూ అన్నీ అక్కడే. బల్ల మీద చోటు చాలక పెట్టుకున్నారనుకుని అడగనే లేదు.

వాట్‌గంజ్‌ పేటలో ఉండే శ్రీకాకుళం అతనొకడు పాసు గడువు పెంచమని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఫోటో జతచెయ్యలేదని గుమాస్తా నా యంత్రంలో ‘తిప్పిపంపినది’ అని నొక్కాడు. అతను మర్నాడే ఫోటో పట్టుకొచ్చాడు. ఇక ఏ మీట నొక్కినా ఆ దరఖాస్తు కదలదు, కొత్తది పెడదామంటే నీ పేరున ఒకటి ఉందంటుంది. యంత్రం అచ్చువేసిన పాసు లేనిదే గేటు దాటనివ్వరు. పదిహేను రోజులు పనిలోకి రాకపోతే గ్యాంగులో అతని చోటు బయట కాచుకుని ఉన్న బదులు పనివాడికి పోతుంది, ఆ తర్వాత మళ్ళీ చోటు దొరకడమంటే ఏళ్ళమాట. గుమాస్తాలు రెండుసార్లు వచ్చి చెప్పారు. యంత్రం తప్పు చెయ్యదు, మీకే నొక్కడం రాదని పంపేశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

పదకొండో రోజున అతని అక్క, ఖిదిర్‌పూర్ బజారులో ఎండుచేపలమ్మే మనిషి, ఎవరు ఆపినా ఆగకుండా మేడ మెట్లెక్కి నా బల్ల ముందుకొచ్చేసింది. నేను తెలుగుదాన్నని కింద ఎవరో చెప్పారట, ఇక మొహమాటమేముంది.

“ఏటమ్మా, పొటో తెమ్మన్నారు, తెచ్చీసినాడు. మరింకేటి కావాల? మా తమ్ముడు నీ పెట్టిలోకి ఎలిపోయి పదకొండు దినాలైపోనాది. ఆడ్ని పైకి తీస్తావా, నన్నూ అందులోకే ఎలిపొమ్మంతావా?”

నాకు కోపమొచ్చింది. గీసుకున్న కాగితం పట్టుకుని కిందికి వెళ్ళాను, తప్పు బొడోబాబు మనుషులదేనని నిరూపించడానికే. ఆయనకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. కళ్ళజోడు సవరించుకుని ఒక్కో గుండ్రం మీదా పెన్సిలు ఆనిస్తూ వచ్చి, ‘తిప్పిపంపినది’ దగ్గర ఆగి, “ఎఖాన్ థేకే కోథాయ్ జాబే, మా?” అన్నారు, ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళుతుందమ్మా అని. ఎక్కడికీ వెళ్ళదు. తిరస్కరించినదానితో పాటు దాన్ని కూడా చివరి గుండ్రాల్లో కలిపేసి, బాణం గియ్యడమే మానేశాను. ఆయన కిటికీ వైపు చూపించారు. ఆ కట్టలు చోటు చాలక పెట్టినవి కావు, మనుషుల కోసం ఆగినవి. వరండాలోంచి ఎవరైనా తక్కువైన కాగితం అందిస్తే ఆయన ఇటుక ఎత్తి, కట్టలో చేర్చి, మళ్ళీ బల్ల మీద నిలబెట్టేవారు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి అది నాకు చెప్పాలని ఆయనకు తోచనే లేదు.

ఆ పూట భోజనం మానేసి ఆ బాణం ఒక్కటీ చేర్చాను. రెండుసార్లు తప్పు కొట్టాను. సాయంత్రానికి పాసు అచ్చయింది. అంతసేపూ మెట్ల మీదే కూర్చున్న అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా మాట నమ్మక బొడోబాబుకు చూపించి, ఆయన నోటితో “హోయే గేఛే”, అయిపోయింది అన్నాక గానీ కొంగున ముడి వేసుకోలేదు. మర్నాడు పొద్దున్న తమ్ముడు గేటు లోపలికి వెళ్ళాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ప్రోగ్రాము రాసినా, బయటికి దారి లేని గుండ్రాలెన్నో ముందు లెక్కపెట్టుకునేదాన్ని. నేను కట్టిన వాటిలో మరొక మనిషి ఇరుక్కోలేదని గట్టిగానే చెప్పగలను.

ఇప్పటి యంత్రాలు మా పెట్టె కంటే ఎంతో తెలివైనవి, మన కాగితం ఎక్కడుందో క్షణంలో ఫోనులో చెప్పేస్తాయి, అందుకు నాకు సంతోషమే. అయినా ఎక్కడో ఒక అమ్మాయి నాలాగే పొగరుగా ఒక బాణం మరిచిపోకుండా ఉండదు. పని ఆగిపోయినవాడు ఇంట్లో కూర్చుని ఆ తెర వంకే చూస్తుంటాడు. చేపల బుట్ట పక్కవాళ్ళకు అప్పగించి వచ్చేంత కోపం అతని అక్కకు ఇప్పటికీ ఉంటుంది, కానీ ఎక్కి రావడానికి మెట్లే ఉండవు.