పన్ను రిటర్నుకు ప్రస్థానం పెట్టిన ఆషాఢం

ఆషాఢం గాలి బళ్ళారిలోకి వచ్చిందంటే ఏ వస్తువూ పెట్టిన చోట ఉండదు. ఆరేసిన చీర పక్క వీధిలో దొరుకుతుంది. చేటలో జొన్నపిండి మనం చూస్తుండగానే పొగ మాదిరి లేచి పోతుంది. మబ్బులేమో టిక్కెట్టు లేనోళ్ళ మాదిరి మా మీద నుంచి గబగబా దాటుకొని పోతాయి. ఆ నెలలో మధ్యాహ్నం పూట రొట్టెలు తట్టడం అయ్యాక గోడకు ఆనుకొని కూర్చుంటే నాకొక మత్తు వస్తుంది. అది నిద్రా కాదు, మెలకువా కాదు. పోయినేడు ఆ మత్తులో నాకు కనపడిందంతా ఒకటే, కంటోన్మెంటులో ఒక గది.

పాత బంగళా వెనక ఉండే గది అది. ఎప్పుడో తెల్లదొరల కాలంలో గుర్రాలను కట్టేసేవాళ్ళంట. గుర్రాల కోసం కట్టింది కాబట్టి గాలీ వెలుతురూ బాగా పెట్టినారు, మనుషుల కోసం కట్టింటే ఇంత మంచిగా కట్టేవాళ్ళు కాదేమో. చానా ఎత్తున పెంకుల కప్పు, ఎదురెదురుగా రెండు పెద్ద కిటికీలు, కింద చల్లటి నాపరాళ్ళు. గాలి ఒక కిటికీలో వచ్చి, గదంతా ఒకసారి చూసి, రెండోదాంట్లో బయటికి పోతుంది.

మా ఇంటికి వచ్చిన గాలికి ఆ భాగ్యం లేదు. ఉండేది ఒక్కటే గది, దాంట్లోనే పొయ్యి. నేనూ మా అత్తా కలిసి రొట్టెలు చేసి ఒక హాస్టల్ మెస్సుకు వేస్తాము. పొద్దున్నే పొయ్యి ముట్టిస్తే ఆ పొగ మాతోపాటే కాపురం చేస్తుంది. దాంతో మా అత్తకు దగ్గు పట్టుకుంది. మొదట్లో తెల్లవారితే వచ్చేది, తర్వాత రోజంతా ఉండిపోయింది. డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, ఈమెను పొగలో నుంచి తీయకపోతే ఇంక మందులు పని చేయవని చెప్పింది. మా అత్త బయటికి వచ్చి, పొగ లేకుండా రొట్టెలు ఆ డాక్టరమ్మ గొట్టం మీద కాలుస్తాదేమో అడగమనింది. ఆ మాట అని నవ్వబోయి దగ్గింది, నేను కూడా నవ్వలేకపోయినాను.

అందుకని పొయ్యి అక్కడికి మార్చుకుందామని ఆ గది అడగడానికి పోయినాను. బంగళా పెద్దాయన నిమ్మళంగా మాట్లాడే మనిషి. ముందున్నవాడు బాడుగ ఎగ్గొట్టి, పోతూ పోతూ బల్బు కూడా విప్పుకొని పోయినాడంట. అప్పటి నుంచి సంపాదన ఉందని కాగితంలో చూపిస్తే గానీ ఎవరికీ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. నా పేరు మీద పన్ను రిటర్ను వేసి ఆ కాగితం తెస్తే, శ్రావణం మొదటి శుక్రవారం తాళంచెవి ఇస్తానన్నాడు. లేకపోతే బ్యాటరీల అంగడాయన ఎదురు చూస్తున్నాడు, ఆయనకిస్తాడంట.

"పన్ను కట్టేంత నా దగ్గర యాడుండాది సార్?" అన్నాను.

"కట్టమనలేదమ్మా. వేయమన్నా," అన్నాడు.

కట్టడానికీ వేయడానికీ తేడా ఉందని ఆ రోజే నాకు తెలిసింది. నేను చదివింది ఏడో తరగతి దాకా. ఎనిమిదికి పోదామనుకున్నప్పుడు మా ఇంట్లో మిరపకాయల కోతలు వచ్చినాయి, ఆ కోతలు ఇంకా అయిపోలేదు. ఈ సంగతి మెస్సు లెక్కలు చూసే మేడమ్‌ను అడిగితే, ఫోన్లోనే వేసుకోవచ్చు, దానికి చానా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, నీకు ఏది కుదురుతాదో చూసుకోమని మూడింటి సంగతి చెప్పింది. సంబంధాలు చెప్పినట్టే చెప్పింది. ఒకటి అందగత్తె, ఒకటి కన్నడం మాట్లాడుతుంది, ఇంకోటి చూడ్డానికి ఏమీ ఉండదు కానీ ఇంటి పని చేస్తుంది.

ఇంటికి వచ్చి మా అత్తకు చెప్పినాను. ఆమె వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టింది. రిటర్ను వేసే గడువు, జూలై నెలాఖరు, ఆషాఢంలో పడింది. మా ఇంట్లో ఆషాఢంలో కొత్త చీపురు కూడా కొనము. శ్రావణం దాకా ఆగమనింది. ఆగితే గడువు పోతుంది, గడువు పోతే గది పోతుంది. నా మొగుడు ఖనిజం లారీ తోలుతాడు, ఆ పొద్దు ఇంట్లోనే ఉన్నాడు. దేశమంతా ఆషాఢంలోనే వేస్తా ఉంది కదమ్మా అని గొణిగినాడు. దేశానికి అత్త లేదు, అందుకే అట్ల ఉండాది అనింది మా అత్త.

మళ్ళీ ఆమే దారి చెప్పింది. మంచిరోజు కానప్పుడు ప్రయాణం తప్పకపోతే మావాళ్ళు ప్రస్థానం పెడతారు. ముందే ఒక మంచి గడియలో, తీసుకుపోవాల్సిన సంచి ఒకటి పక్కింట్లో పెట్టేస్తారు. అప్పుడు ప్రయాణం ఆ గడియలోనే మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు పోయినా, పక్కింట్లో ఆ సంచి తీసుకొని అట్నుంచి అటే పోతాడు. పన్నుకు కూడా అట్లనే పెడదామనింది. జ్యేష్ఠం ఇంకా రెండు పొద్దులు మిగిలుంది.

"సంచిలో ఏం పెట్టాల అత్తా?"

"ఫోనే పెట్టు. పని దాంట్లోనే కదా."

"మూడుండాయి. యాదో ఒకటి తేల్చుకోకుండా ఎట్ల పెట్టేది?"

"మూడూ ఎక్కించు. బండి ఎక్కినాక ఎవరు దిగుతారో చూద్దాం."

మూడు సాఫ్ట్‌వేర్లూ ఫోన్లోకి దించి, మూడింట్లోనూ పేరు రాసినాను. మా అత్త ఫోను వెనక కుంకుమ బొట్టు పెట్టి, పసుపు గుడ్డలో చుట్టి, పక్కింటి అక్కకు ఇచ్చి వచ్చింది. అక్క కన్నడం ఆమె, పెన్షన్ మీద ఒక్కతే ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకొని ఇంగ్లీషు గడగడా చదువుతుంది. ఫోనును దేవుడి గూట్లో పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది.

మర్నాడు ఫోను తెచ్చుకుందామని లేస్తే మా అత్త గడపకు అడ్డం నిలబడింది. ప్రస్థానం పెట్టిన సంచిని ఎవరన్నా మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటారా, తెస్తే ప్రయాణం ఆగిపోయినట్టే అనింది. పన్ను పని ముగిసే దాకా ఫోను మా గడప తొక్కకూడదు. నేను నా మొగుడి పక్క చూసినాను. ఆయన లారీ పక్క చూసినాడు.

అట్లా ఆ ఆషాఢమంతా నా ఫోను పక్కింట్లో కాపురం చేసింది. మెస్సు నుంచి ఫోన్లు వస్తే అక్క ఎత్తేది. ఆమె నా కంటే మర్యాదగా మాట్లాడుతుంది, రెండు వారాలకు మెస్సువాళ్ళు రొట్టెలు ఎట్లున్నాయో కూడా ఆమెకే చెప్పసాగినారు. నేను పొయ్యి మీద రొట్టె వేసి, అది కాలేలోపల ప్రహరీ సందులో నుంచి పరిగెత్తి, అక్క అరుగు మీద ఒక ప్రశ్నకు జవాబు రాసి, మళ్ళీ పరిగెత్తి వచ్చి రొట్టె తిప్పేదాన్ని. వేళ్ళకు పిండి ఉంటే ఫోను ఒప్పుకోదు, కొంగుతో తుడుచుకోవాల. అరుగు మీద వేపచెట్టు నీడ ఊగుతుండేది. ఫోను అద్దంలో ఆ నీడ, నా ముఖం, నా సంపాదన అంకెలు అన్నీ కలిసి ఊగుతుంటే, నేను రాస్తున్నానో కల కంటున్నానో నాకే తెలిసేది కాదు.

మొదట అందగత్తెతో మొదలుపెట్టినాను. తెరవంగానే నన్ను పేరు పెట్టి పిలిచి, రంగురంగుల బెలూన్లు ఎగరేసింది. నా పెళ్ళిలో కూడా నాకంత మర్యాద జరగలేదు. విదేశాల్లో ఏమన్నా ఆస్తి ఉందా అని అడిగింది. ఆంధ్రా బార్డరు అవతల మా అమ్మోళ్ళ ఊర్లో నా పేరు మీద ఒక మేక ఉండాది, అది చెప్పాల్నా అని అక్కను అడిగినాను. అక్క నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అన్నీ అడిగి, అన్నీ రాయించుకొని, చివర్లో ఆ అందగత్తె బంగారు ప్లానా వెండి ప్లానా అని చెయ్యి చాపింది. పంపించే ముందు కట్టాలంట. సంతలో గాజులమ్మి కూడా చెయ్యి పట్టుకునే ముందే ధర చెబుతుంది. దాన్ని బండి దించేసినాను.

కన్నడం మాట్లాడేది నాకు నచ్చింది. మా అమ్మోళ్ళ ఊరు బార్డరు పక్కనే, అక్కడ ఉండేది కన్నడం బడి, నేను చదివింది దాంట్లోనే కాబట్టి అక్క సాయం లేకుండానే చదువుకున్నాను. "ముందక్కె హోగి" అంటుంటే నిజంగానే ముందుకు పోతున్నట్టు హాయిగా ఉండేది. కానీ దానికి ఓపిక లేదు. నేను రొట్టె తిప్పడానికి పోయి వచ్చేలోపల నన్ను మరిచిపోయేది. రాసినవన్నీ చెరిపేసి, నువ్వెవరని మొదటి నుంచి అడిగేది. మూడు పొద్దులు అట్లనే జరిగింది. నాలుగో పొద్దు రొట్టె మాడింది, పొగ లేచింది, లోపల మా అత్తకు దగ్గు తెర వచ్చి ఎంతసేపటికీ ఆగలేదు.

దగ్గు ఆగినాక ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మెల్లగా నడిచి అరుగు మీదికి వచ్చింది. అంతవరకు ఆ పన్ను సంగతి ఆమె దూరం నుంచే చూసేది. నేను మూడింటి గుణాలూ చెప్పినాను. మూడోదానికి రంగు లేదు, పలకరింపు లేదు, ఇంగ్లీషు ఒకటే, తెల్లటి గోడ ముందర నిలబడినట్టు ఉంటుందని చెప్పినాను. ఆమె కాసేపు విని ఒకటే అడిగింది.

"నువ్వు లేసి పోయి వస్తే, నీ పని పట్టుకోని కూచోనుండేది యాది?"

మూడోదాంట్లో పేరూ ఊరూ రాసి వదిలేసి చానా పొద్దులైంది. అక్క తెరిచి చూసింది. నేను రాసింది రాసినట్టే ఉంది. కింద ఆగిన చోట ఒక చిన్న గీత మిణుకు మిణుకుమంటూ ఉంది.

"అయితే అదే," అనింది మా అత్త. "ఆడోళ్ళ పని ఒకసారి కూచుంటే అయ్యేది కాదు. తెలిసిందేమో దానికి."

ఇంక అక్క చదవడం, నేను చెప్పడం. ఇంగ్లీషు ఆమెది, రొట్టెలు నావి. చిన్న వ్యాపారం చేసేవాళ్ళకు సులువుగా ఒక ఫారం ఉంది, దాంట్లో వేసినాము. అక్క ఒక్కొక్క మాటకూ అర్థం చెబుతుంటే, ఇన్నేళ్ళు నేను తట్టిన రొట్టెలన్నీ మా వీధి మీదుగా కొంగల బారు మాదిరి నిమ్మళంగా పోతున్నట్టు అనిపించేది. వచ్చింది ఇంత, ఖర్చు ఇంత, మిగిలింది ఇంత. మిగిలినదాన్ని ఎవరూ అంతవరకు నాదని రాయలేదు. కట్టాల్సిన పన్ను సున్నా అని వచ్చింది. అంత గుండ్రంగా నాకు రొట్టె కూడా ఎప్పుడూ రాలేదు.

చివర్లో ఒక చిక్కు వచ్చింది. ఇది నేనే వేసినానని ఒప్పుకోవడానికి ఆధార్ నంబరుకు తగిలించిన ఫోనుకు ఓటీపీ అని ఒక అంకె వస్తుంది. నా ఆధార్‌కు తగిలించింది నా మొగుడి ఫోను. ఆయన లారీ వేసుకొని సండూరు గుట్టల్లో ఉన్నాడు. అక్కడ సిగ్నలు కొండముచ్చు మాదిరి, కనపడినట్టే కనపడి కొమ్మల్లోకి పోతుంది. గడువుకు ఇంక ఆ పొద్దూ మర్నాడూ మాత్రమే ఉన్నాయి. అక్క ఫోను మీద ఫోను చేసింది. మా అత్త అరుగు చివర కూర్చొని, ఫోను చుట్టిన పసుపు గుడ్డను మడిచి విప్పి, విప్పి మడిచింది. తనకు ఆ గది కావాలని ఆమె ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ గుడ్డను ఆమె అట్లా మడవడం చూసినాకే ఎంత కావాల్నో నాకు తెలిసింది.

పొద్దు వాలేటప్పుడు ఆయన గుట్ట దిగి బండ్రి ఊరి దగ్గరికి వచ్చినాక ఫోను కలిసింది. ఒక అంకె చదివినాడు, తప్పనింది. అది పొద్దున వచ్చిన అంకె, దాని కాలం తీరిపోయింది. ఇంకోటి పంపమని నొక్కినాము. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి, దారికి అడ్డంగా నిలబెట్టినావని ఎవరో తిడుతున్నారు.

"వస్తాండాదా?" అన్నాను.

"రానీ. నేను యాడికీ పోను. ఈడనే ఉంటా," అన్నాడు.

ఎర్రటి దుమ్ములో, లారీ పక్కన, చెవి దగ్గర ఫోను పెట్టుకొని ఆ మనిషి నిలబడి ఉండడం నాకు అంత దూరం నుంచీ కనపడింది. రంగు లేదు, పలకరింపు లేదు, కానీ ఆగిన చోటే ఉంటాడు. నేను ఎంచుకోకుండానే మా పెద్దోళ్ళు ఆ మూడో రకాన్నే నాకు కట్టబెట్టినారని ఆ రోజు తెలిసింది. అంకె వచ్చింది. ఆయన ఒక్కొక్కటే విడదీసి చదివినాడు, అక్క ఒక్కొక్కటే నొక్కింది. తెర ఒక్క క్షణం తెల్లగా అయిపోయి, తర్వాత ఆకుపచ్చ గుర్తు ఒకటి వచ్చి నిలబడింది.

మా అత్త లేచి ఫోనును రెండు చేతులతో తీసుకొని మా గడప దాటించింది. అక్క ముఖం చిన్నబోయింది, రేపటి నుంచి నాతో ఎవరు మాట్లాడతారు తంగీ అనింది, చెల్లెలిని పిలిచినట్టు. ఫోను లేకపోతే ఏమి, నేను మాట్లాడతాను, కానీ మెస్సువాళ్ళంత మర్యాదగా రాదు అని చెప్పినాను.

శ్రావణం మొదటి శుక్రవారం కాగితం తీసుకొని ముగ్గురం కంటోన్మెంటుకు పోయినాము. పెద్దాయన దాన్ని వెలుతురుకు పట్టి, నా పేరు ఒకసారి పైకి చదివి, తాళంచెవి మా అత్త చేతిలో పెట్టినాడు. నా మొగుడు బల్బు తగిలించడానికి స్టూలు వెతకడానికి పోయినాడు. నేను పొయ్యి ఏ మూల వేస్తే గాలికి ఎదురు రాదో చూస్తూ అటూ ఇటూ తిరిగినాను. ఈ మూలే బాగుంది కదా అత్తా అని అడుగుతూ వెనక్కి తిరిగినాను.

చూస్తే ఆమె కిటికీ కింద నాపరాయి మీద, చెయ్యి తలకింద పెట్టుకొని, నడిమధ్యాహ్నం నిద్రపోతా ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె పగలు పడుకోవడం నేను చూడలేదు. గాలి ఆమె నెరిసిన వెంట్రుకల్ని కొంచెం కదిలించి, అవతలి కిటికీలో బయటికి పోతా ఉంది. మొగుడు స్టూలు తెచ్చి దడేల్మని పెట్టబోతే వద్దని సైగ చేసినాను. ఇద్దరం గోడకు ఆనుకొని కూర్చొని, దగ్గు ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని చానాసేపు చెవులు పెట్టి విన్నాము.