బార్బోరా పెట్టే ఖాళీ పళ్ళెం

మిషిగన్ సరస్సు ఒడ్డున, లిథువేనియా నుంచి వచ్చిన మావాళ్ళంతా సెలవులకు దిగే అతిథి గృహం బార్బోరాది. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరొదిలి వచ్చిన కొత్తలో తనూ, భర్తా కలిసి పాత కోళ్ళ షెడ్డును గదులుగా మార్చారు. భర్త పోయాక కూడా తెల్లవారకముందే లేచి నల్ల రొట్టె కాలుస్తుంది. తడి చేతులు ఎప్పుడూ ఎడమ తుంటికే తుడుచుకుంటుంది. ఇసుక కాళ్ళతో వచ్చినవాణ్ణి "సరస్సు మొత్తం మోసుకొచ్చావా, అక్కడేమైనా మిగిల్చావా?" అని గుమ్మంలోనే ఆపేస్తుంది. క్రిస్మస్ ముందురోజు విందులో మాత్రం అరవదు. మా ఆచారం ప్రకారం బల్లమీద ఎండుగడ్డి, దానిమీద తెల్లగుడ్డ పరిచి, సోవియట్ సైనికులు సైబీరియాకు పట్టుకుపోయిన చెల్లెలు మోనికా కోసం ఒక ఖాళీ పళ్ళెం పెడుతుంది. ఒక ఏడాది, షికాగో నుంచి అతిథిగా వచ్చిన కొత్త పెళ్ళికూతురు రీమా, ఆనవాయితీ కదా అని ఆ పళ్ళెం ముందు కొవ్వొత్తి వెలిగించింది. బార్బోరా ఒత్తిని వేళ్ళతోనే నలిపేసింది.

"కొవ్వొత్తి పోయినవాళ్ళకే, తల్లీ. మా చెల్లి పోయిందని నీకెవరు చెప్పారు?"

"తెలీలేదత్తా..."

"నాకూ తెలీదు. అందుకే వెలిగించను."

విందయ్యాక, ఎవరూ ముట్టని ఆ పళ్ళేన్ని కూడా మిగతావాటితో పాటు సబ్బు పెట్టి తోమింది.

ఈ ఏడాది విందులో ఆ పళ్ళెం ముందు కొవ్వొత్తిని ఆమే వెలిగించింది. కబురు వచ్చిందో, ఆశే పోయిందో, ఎవరూ అడగలేదు. తర్వాత గిన్నెలన్నీ తోమి, ఆ ఒక్క పళ్ళెంలో రొట్టెముక్క పెట్టి బల్లమీదే వదిలేసింది. పోయినవాళ్ళు ఆ రాత్రి వచ్చి తింటారని మావాళ్ళ నమ్మకం. పడుకోబోతూ వీధి తలుపును దగ్గరగా లాగింది గానీ, గడియ మాత్రం వేయలేదు.