సి డ్రైవులో దొంగ

ధర్మవరంలో మా ఇంటికి ఎవరైనా వస్తే, మంచినీళ్ళు ఇవ్వకముందే మేము చేసే పని ఒకటుంది. మగ్గం మీదున్న చీర అంచు కనబడకుండా తువ్వాలు కప్పేస్తాం. వచ్చింది సొంత బంధువైనా సరే. చీర అమ్ముడుపోయేదాకా దాని అంచు ఇంకొకరి కంట పడకూడదు. నేను మగ్గం నేయను, డిజైన్లు గీస్తాను. నా చిన్న ల్యాప్‌టాప్‌లో గళ్ళు ఒక్కొక్కటీ నింపి బార్డరూ కొంగూ తయారు చేసి ఫైలు ఇస్తే, దాన్ని బట్టి మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టి ఇస్తారు. వాటితో మా ఆయన నేస్తాడు. అందుకని నా తువ్వాలు ల్యాప్‌టాప్ మీద ఉంటుంది. నేను గీస్తున్నప్పుడు వెనక ఎవరు నిలబడినా నాకు చెయ్యి ఆడదు. "ఏమన్నా కావల్లా?" అని తిరిగి చూస్తాను. ఆ చూపుకే వెళ్ళిపోతారు, మా ఆయనతో సహా.

నాది అనుమానపు బుద్ధి అని అందరూ అంటారు. అననీ. నా అనుమానం ఉత్తదేం కాదని ఆ మధ్య రుజువైంది కూడా. ఒకరోజు మా ఆయన నన్ను బజారుకు పిలుచుకుపోయి, ఒక సావుకారు అంగట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ పరిచిన చీరల్లో నా చిలకల బార్డరు కనబడింది. నేను అప్పటికి ఇంకా ఎవరికీ ఇవ్వని బార్డరు! అచ్చంగా నాదే, కాకపోతే మూల తిరిగేచోట చిలక మెడ విరిగినట్టు అటు తిరిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. "దొంగతనం చేసేకి కూడా చేతకాలే చూడయ్యా వీనికి! చిలక గీయమంటే కోడిని గీసినాడు," అని అంగడంతా వినబడేట్టు నవ్వాను. మా ఆయన ఆ చీర మడత సరిచేశాడు. చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

ఇంటికొచ్చాక నవ్వు పోయింది, భయం పట్టుకుంది. నా డిజైను నా ఇంట్లోంచి బయటికి పోతోందని ఒక్క సావుకారుకు తెలిస్తే చాలు, ఇక ఎవరూ నాకు పని ఇవ్వరు. వాళ్ళు నా గీతను ఎంత నమ్ముతారో, నా నోటినీ నా తువ్వాలునూ అంతే నమ్ముతారు.

సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్ మొరాయించడం మొదలుపెట్టింది. దానికున్నది ఒకే ఒక్క సి డ్రైవు, అదీ చిన్నది. డ్రైవు ఎంత నిండిందో చూపే గీత ఎర్రగా మారి, సేవ్ నొక్కితే స్థలం లేదు పొమ్మంటోంది. లేపాక్షి వాళ్ళ పెండ్లిచీర డిజైను చేతిలో ఉంది. సగం గీసింది సేవ్ కాకుండా పోయింది. చెత్తబుట్ట ఖాళీ చేశాను. పెండ్లి ఫోటోలు, పాటలు పెన్‌డ్రైవులోకి మార్చాను. చివరికి నా పాత డిజైన్లలో దిద్దుబాటు ప్రతులు కూడా తీసేశాను. అవి తీసేటప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. మా ఇంట్లో పాత అట్టలు పారేయం. ఇక ఎప్పటికీ నేయని చీరల అట్టలు కూడా కట్టలు కట్టి అటక మీద పెడతాం. చేసిన పనిని పారేయకూడదని మా అత్త మాట. ఇంతా చేస్తే కొంచెం జాగా వచ్చింది. రెండు రోజులు తిరక్కుండానే మళ్ళీ ఎర్రగీత! నేను అందులో కొత్తగా పెట్టింది ఏమీ లేదు. తాళం వేసిన గదిలో బియ్యం మూటలు వాటంతటవే పెరుగుతుంటే ఎవరికైనా సంతోషమా, భయమా?

ల్యాప్‌టాప్ కొన్నది హిందూపురంలో. అక్కడికే బయలుదేరాను. రైల్లో సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "ఏముండాదమ్మా అంత భద్రంగా?" అన్నాడు. "సద్దన్నం," అన్నాను. హిందూపురం దాకా ఆయన మళ్ళీ నోరెత్తలేదు పాపం.

అంగడాయన సంచి చూడగానే, "పెట్టిపో అక్కా, సాయంత్రానికి చేసిపెడ్తా," అన్నాడు.

"ఏంటికి పెట్టిపోవల్లా? నా ముందరే చేయప్పా."

"చానాసేపు అయితాది."

"కానీ. నాకేం తొందర లేదు."

స్టూలు జరుపుకుని ఆయన భుజం పక్కనే కూర్చున్నాను. ఎవరో ఫోను చేస్తే ఆయన కన్నడంలోకి మారాడు. నాకు అర్థం కాదనుకున్నాడేమో, నేను చెవులు రిక్కించి అంతా విన్నాను. మధ్యాహ్నానికి రాగిముద్దా, చపాతీయా అని ఇంట్లోవాళ్ళు అడుగుతున్నారు. అయినా నా అనుమానం తగ్గలేదు. ఆయన సొరుగులోంచి పెన్‌డ్రైవు తీయగానే చెయ్యి అడ్డం పెట్టాను.

"అదేంటికి?"

"శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ అక్కా ఇందులో ఉండేది."

"అది పెట్టొద్దు. ఉన్నదాంతోనే చేయి."

ఆయనకు రోషం వచ్చింది. "నేనేమన్నా దొంగ మాదిరి కనపడతాండానా?"

"ఇంకా తెల్దు," అన్నాను.

ఆయన నెత్తి కొట్టుకుని పెన్‌డ్రైవు మళ్ళీ సొరుగులో పడేశాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి, ఏది ఎంత జాగా తింటోందో చూపించాడు. పాత అప్‌డేట్లు మిగిల్చిన చెత్త తీసేశాడు. తాత్కాలిక ఫైళ్ళు తీసేశాడు. నొక్కిన ప్రతిదానికీ నేను "అదేం నొక్కితివి?" అంటూనే ఉన్నాను. అంతలో ఆయన చెయ్యి ఆగింది.

"అక్కా, వీడియోలు ఇన్నేంటికి పెట్టుకోనుండావు?"

"నా దగ్గర వీడియోలే లేవప్పా!"

ఆయన ఒకటి తెరిచాడు. నా గళ్ళ కాగితం. బాణం గుర్తు కదులుతోంది. గడి నిండుతోంది, చెరుగుతోంది, మళ్ళీ నిండుతోంది. నేను ఒకచోట తప్పు చేసి దిద్దుకుని, టీ తాగడానికి లేచిపోయినంతసేపూ కదలకుండా ఉన్న తెర కూడా అందులో ఉంది.

"ఇందులో రికార్డర్ పెట్టినారక్కా. ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, నువ్వు గీసేదంతా దానంతటదే వీడియో అయిపోతాది. డ్రైవును మింగుతాండేది ఇదే. తీసేయనా?"

"తాకొద్దు! అది సాక్ష్యం."

ఎవరు పెట్టి ఉంటారా అని పెద్దగా ఆలోచించే పని లేదు. ఆ ల్యాప్‌టాప్ నేను లేకుండా ఇంకొకరి చేతిలో ఉన్నది ఒకే ఒక్కసారి, చిలకల బార్డరు గీయకముందు, పెనుకొండలో. అక్కడ నా తమ్ముడికి జిరాక్సు, కంప్యూటర్ అంగడి ఉంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేయించడానికి వాడి దగ్గర వదిలిపెట్టి వచ్చాను. నేను ఒడిలో పెట్టుకుని అన్నం తినిపించినవాడు! తిరుగు రైల్లో పెనుకొండలో దిగిపోయాను. దారి పొడవునా వాణ్ణి తిట్టడానికి మాటలు పేర్చుకుంటూనే నడిచాను.

ల్యాప్‌టాప్ తీసి, ఆ వీడియో తెరిచి వాడి జిరాక్సు మిషను మీద పెట్టాను. "ఎవరికి అమ్ముకుంటివిరా నా డిజైన్లు?"

వాడు తెర చూశాడు, నన్ను చూశాడు. "అక్కా, మెల్లగా. జనాలుండారు."

"ఉండనీ. వాళ్ళూ వింటారు."

"రికార్డర్ పెట్టింది నేనే. పెట్టమన్నది బావ."

నాకు ఒక్క క్షణం ఏ బావో తట్టలేదు. వాడు కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. మా ఆయన జరీ కోసమని ఇంట్లో చెప్పి పెనుకొండ వస్తున్నాడట. నేను నిద్రపోయాక ఎక్కించుకున్న వీడియోలు పెన్‌డ్రైవులో తెచ్చుకుని, లోపలి గదిలో కూర్చుని, నేను గీసింది చూసి గీయడం నేర్చుకుంటున్నాడట.

"నన్నే అడగొచ్చు కదరా!"

"నీ వెనకాల నిలబడితే ఉరిమి చూస్తావంట కదక్కా. బావకు మోకాళ్ళు పోయినాయి. మగ్గం గుంతలో కూర్చునేది ఇంక మానుకోమన్నాడంట డాక్టరు. మగ్గం ఇడిస్తే ఏం చేసేదని దిగులు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు."

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. వాడే మళ్ళీ అన్నాడు. "చూసినంక తీసేయి బావా, డ్రైవు నిండిపోతాదని ఎన్నిసార్లు చెప్పినానో. వింటేనా! 'మీ అక్క చేతిపనిరా అది, పారేసేకి మనసెట్లొస్తాది' అన్నాడు."

"చిలకల బార్డరు?"

"అది బావ గీసిందే. నీ వీడియో చూసి గీసిన మొదటిది. తెలిసినాయన మగ్గం మీద నేయించి అంగడికి ఇచ్చినాడు."

వాడు టీ తెప్పించాడు. నేను తాగకుండానే సంచి తీసుకుని స్టేషనుకు నడిచాను.

ఇల్లు చేరేసరికి మా ఆయన గుంతలో కూర్చుని నేస్తున్నాడు. దారిలో పేర్చుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. ల్యాప్‌టాప్ తెరిచి ఆ వీడియోల వరుస ఆయనకు కనబడేట్టు పెట్టాను. మగ్గం చప్పుడు ఆగింది.

"మోకాళ్ళ సంగతి నాతో ఏంటికి చెప్పలేదు?"

"చెప్పి ఏం చేసేది. నువ్వు గీస్తాండావు, నేను నేస్తాండా. ఇల్లు జరుగుతాండాది కదా."

"పోనీ ఆ పొద్దు అంగట్లో నా పక్కనే ఉండావు కదయ్యా. ఇది నేను గీసిందే అని ఒక్క మాట చెప్పింటే ఏం పోయింది?"

ఆయన తెగిన పోగేదో వెతుకుతున్నట్టు మగ్గం వైపే చూశాడు. "చెప్పాలనే కదా నిన్ను ఆ అంగడికి పిల్చుకుపోయింది," అన్నాడు. "అంతలోకే నువ్వు నవ్వేస్తివి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏం మాట్లాడితే ఏడుపొస్తుందోనని, ముందు ఆ రికార్డర్ తీసేశాను. తర్వాత వీడియోలన్నీ ఒక్కసారే ఎంచి డిలీట్ నొక్కి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను.

ఆయన కంగారు పడిపోయాడు. "అయ్యో, అవేంటికి తీసేస్తాండావు? నాకింకా మూల తిప్పేది రాదే!"

"మనిషిని నేనీడ ఉండంగా వీడియోలేంటికి? లేచి రా ఈడికి," అని కసిరాను. నాకు కసరడమే వచ్చు.

ఆయన గుంత అంచు మీద రెండు చేతులూ ఆనించి, ఒక కాలు తీసి, ఆగి, ఊపిరి పీల్చుకుని రెండో కాలు తీశాడు. లేపాక్షి వాళ్ళ డిజైను తెరిచి సేవ్ చేశాను. అయింది. ఆయన ఇంకా గోడ పట్టుకుని వస్తూనే ఉన్నాడు. నేను నా కుర్చీ ఆయన కోసం ఖాళీ చేసి, స్టూలు మీదికి జరిగాను.