ఇరవై రేకుల ధర

మొన్న కంటి దవాఖానలో చుక్కల మందు వేసి, అరగంట కళ్లు మూసుకొని కూర్చోమన్నారు. నా ఈడు వారికి చెప్పనక్కరలేదు, కళ్లు మూసుకుంటే చెవులు ఊరుకోవు. గోడకున్న టీవీలో ఎవరో పరదేశపు ఫుట్‌బాల్ ఆటగాణ్ని ఒక క్లబ్బు దగ్గర మరో క్లబ్బు కొనుక్కున్నదనీ, ఆ ధర మన రూపాయల్లో వందల కోట్లనీ, కొన్న క్లబ్బు పీకల్లోతు అప్పుల్లో ఉన్నదనీ చెబుతున్నారు. ఊపిరైనా తిప్పుకోకుండా అదే గొంతు, మనిషి ఎక్కని చిన్న విమానం ఒకటి ఎక్కడో ఒక ఊరి మీద బాంబు వేసిందనీ, దాన్ని నడిపినవాడు ఎంతో దూరాన కుర్చీలో కూర్చొని ఉన్నాడనీ చదివింది. పక్కనున్న పెద్దాయన, "ఆటకేమో గన్ని పైసలు, యుద్ధానికేమో మనిషే అక్కర్లేకుంటయ్యింది" అని నిట్టూర్చాడు. ఆ రెండు వార్తలూ ఒకే మనిషి బతుకులో పక్కపక్కన ఎట్లా వచ్చి కూర్చుంటాయో నాకు తెలుసు. నన్నూ ఒకప్పుడు ఒక క్లబ్బు అమ్మింది, మరొకటి కొన్నది. కొన్నవాళ్లు చేసేది యుద్ధపు సామాను.

మాది వరంగల్‌లో మగ్గాల మీద బతికిన ఇల్లు. నాన్న జంపఖానాలు నేసేవాడు. మేనమామ మాత్రం మగ్గం వదిలి బట్టల మిల్లులో పనికి కుదిరి, అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బుకు సెక్రెటరీ అయ్యాడు. సెక్రెటరీ అంటే పెద్ద హోదా అనుకునేరు. బంతిలోని బ్లాడరుకు అతుకు వేయడం, బూట్ల అడుగున ఊడిన తోలు బిళ్లలకు మేకులు కొట్టడం, గోలు పోస్టులకు సున్నం పూయడం అన్నీ ఆయన పనే. నాకు ఎడమకాలి వాటం ఉందని మొదట కనిపెట్టింది ఆయనే. ఆయన చలవ వల్ల పద్దెనిమిదేళ్లు నిండకముందే మిల్లు టీములో లెఫ్ట్ అవుట్‌గా, అంటే ఎడమ గీత వెంట పరుగెత్తేవాడిగా కుదిరాను. ఆ రోజుల్లో మిల్లు సైరన్ మోగి షిఫ్టు దిగిన జనం ఇంటికి పోకుండా నేరుగా మైదానానికి వచ్చేవారు. వాళ్ల జీతాల్లోంచి నెలనెలా కోసుకున్న చిల్లరతోనే క్లబ్బు నడిచేది. డెబ్బైల నడుమకు వచ్చేసరికి మిల్లే కుంటుతూ నడవసాగింది, జీతాలు ఆలస్యమయ్యాయి, చందా ఇమ్మని అడగడానికి మామకు మొహం చెల్లలేదు. ఒక వానకు ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గది కప్పు కూలిపోయింది.

అప్పుడే కాజీపేట వైపు కొత్తగా వెలసిన ఒక ఇనుప కార్ఖానా వాళ్లు టీము కట్టారు. వాళ్లకు ఎడమ వైపు పరుగెత్తే మనిషి కావలసి వచ్చింది. ఒకనాడు మామ ఇంటికి వచ్చి, నాకు పర్మినెంటు నౌకరీ దొరికిందని, సోమవారం నుంచి కార్ఖానాకు పొమ్మని చెప్పాడు. అమ్మ ఆయన నోట్లో బెల్లం పెట్టింది. రిలీజ్ కాయితం మీద ఆయన సంతకం అప్పటికే అయిపోయింది. ఆ కాయితం సంగతి ఈ కాలం వారికి తెలియదు గనుక చెబుతాను. ఒక క్లబ్బుకు పేరు రాసిచ్చిన ఆటగాడు ఆ క్లబ్బు సెక్రెటరీ సంతకం పెట్టి వదిలితే తప్ప మరో క్లబ్బుకు ఆడరాదు. అలగి బయటికి వస్తే రెండు సీజన్లు ఏ మైదానంలోనూ కాలు పెట్టనివ్వరు.

నా ధర ఎంతో నాకు కార్ఖానాలో చేరాకగానీ తెలియలేదు. క్యాంటీన్‌లో తోటివాళ్లు నన్ను చూసి, "రేకులోడు వచ్చిండు" అని నవ్వుతుంటే, ఏమిటని అడిగాను. డజను జతల బూట్లు, రెండు బంతులు, బట్టలు మార్చుకునే గది మీదికి ఇరవై ఇనుప రేకులు ఇచ్చి నన్ను మిల్లు దగ్గర తీసుకున్నారట. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. ఆ సాయంత్రం సైకిలు తొక్కుతూ ఇంటికి వస్తుంటే మాత్రం, మామ నాతో ఒక్క మాటైనా చెప్పలేదే అనిపించింది.

కార్ఖానాలో నన్ను ప్రెస్సు మిషను మీద వేశారు. అరచేతిలో ఇమిడే గుండ్రని డబ్బాలు, మధ్యలో మర తిప్పిన రంధ్రం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా డబ్బాలు, తరువాత ప్రాక్టీసు. ఏమిటివని ఫోర్‌మన్‌ను అడిగితే, మిలిటరీ వాళ్ల సామాను పెట్టుకునేవి అన్నాడు. నాకంతకన్నా అక్కర లేకపోయింది. జీతం ఒకటో తారీఖున చేతిలో పడేది, టీము గెలుస్తూ ఉండేది, జిల్లా పత్రికలో నా పేరు రెండుసార్లు పడ్డది.

మా ఇంట్లో అక్క, బావ, వాళ్ల ఇద్దరు ఆడపిల్లలు ఉండేవారు. బావ సిపాయిగా ఉండి, డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయాక పడమటి సరిహద్దులో కుడి పాదం పోగొట్టుకొని ఇంటికి వచ్చాడు. ఆయనదీ నేతపనే, కానీ మగ్గం గుంటలో కూర్చున్నవాడికి రెండు పాదాలూ ఆడాలి. అందుకని నాన్న నేస్తుంటే పక్కన కూర్చొని నూలు కండెలు చుట్టేవాడు. యుద్ధం మాట ఎత్తేవాడు కాదు. మేమూ అడిగేవాళ్లం కాదు.

నేను చేరిన రెండో ఏడు, ప్రెస్సులో సొట్టపడ్డ డబ్బా ఒకటి ఇంటికి తెచ్చాను. అక్క దాన్ని తోమి, రంధ్రానికి మైనం పెట్టి, ఆవాలు పోసుకున్నది. మర్నాడు అన్నం తింటూ బావ దాన్ని చూశాడు. చెయ్యి కడుక్కొని, ఆవాలు పళ్లెంలో కుమ్మరించి, డబ్బాను తిప్పి తిప్పి చూసి, మైనం గీకి రంధ్రంలో వేలు పెట్టాడు.

"గిది ఏడికెల్లి తెచ్చినవ్ రా?"

"మా కార్ఖానల చేస్తం బావా. మిలిటరీ సామాను పెట్టుకునే డబ్బలట."

"సామాను కాదు. భూమిల పెట్టేటిది," అన్నాడు. "మందుపాతర. ఈ రంధ్రంలనే తొక్కితె పేలెటి గుండీ కూసుంటది. నా కాలు తీసింది గిసొంటిదే."

ఆయన కోపంగా లేడు. ఎన్నేళ్లుగానో ఎవరైనా అడుగుతారేమోనని కూర్చున్నవాడిలాగా ఆనాడు తానే చెప్పాడు. శత్రువు పెట్టినది కాదట ఆయన పాదం తీసింది; తన జట్టు పెట్టినదే. సరిహద్దు ఊళ్ల గోధుమ చేలల్లో వరుసలు కట్టి పాతారు, యుద్ధం ఆగాక పటం చూసుకుంటూ తీశారు, వానకు మట్టి జరిగి కొన్ని పటంలో ఉన్నచోట లేవు. అట్లా వెతుకుతుండగా ఒకటి ఈయనకు దొరికింది. మిగిలినవి దొరకలేదు.

"కాలు పోయిందని కాదు రా," అన్నాడు. "తుపాకి పట్టుకుంటె ఎదురుంగ ఒకడుంటడు, వాడు దుష్మన్ అని నాకు ఎరుకే. దీనికి దుష్మన్ ఎవడు? ఎవలు తొక్కితె వాళ్లే. చేన్లకు వచ్చిన ఆసామి తొక్కుతడో, గడ్డి కోసెటందుకు వచ్చిన ఆడిమనిషి తొక్కుతదో. మేం పెట్టినయి గాడ్నే ఉన్నయ్ ఇంక."

మరి నేనేం చెయ్యాలి బావా అని అడిగాను. ఆయన ఆవాలు ఒక్కొక్కటే పళ్లెంలోంచి ఏరుతూ, "నీ జీతం తింటున్నోన్ని, నేనేం చెప్త," అన్నాడు.

ఇక్కడ నేను నా గురించి మంచిగా రాసుకోగలను, కానీ ఈ వయసులో ఎందుకు. తెలిసి కూడా నేను మరో రెండేళ్లు ఆ ప్రెస్సు మీద పనిచేశాను. వేరే సెక్షనుకు మార్చమని ఫోర్‌మన్‌ను అడిగితే, నువ్వు చెయ్యకుంటే ఇంకొకడు చేస్తాడు, దేశానికి కావలసిందే గదా అన్నాడు. దేశానికి సిపాయి కావాలి, సిపాయికి ఆయుధం కావాలి, అది బావే ఒప్పుకునేవాడు. కానీ పొద్దున మిషను తొక్కుతుంటే పడే ప్రతి డబ్బాతో, ఇది ఏ చేనికి పోతుందో అనే ఆలోచన వచ్చేది. మానేస్తే నౌకరీ పోతుంది, నౌకరీతో ఆట పోతుంది, ఇంట్లో ఏడుగురం. ఒకే కాయితం మీద ఆ మూడూ కట్టి ఉన్నాయి, ఆ కాయితం కార్ఖానా మేనేజరు బీరువాలో ఉంది. ఆయనే క్లబ్బు సెక్రెటరీ కూడా.

తరువాత మరొకటి మొదలైంది. మైదానంలో ఎడమ గీత వెంట పరుగెత్తుతూ నేను కాలు మోపేచోటు చూసుకోసాగాను. నా తోటి ఆటగాళ్లకు తెలుసు, గీత వెంట పరుగెత్తేవాడు తలెత్తి ఉండాలి, బంతి కాలికి తగలడం కాలికే తెలియాలి. నాకు పచ్చిక పలుచబడ్డచోట, మట్టి కొంచెం ఉబ్బినచోట అడుగు తడబడేది. ఖిలా వరంగల్ మట్టికోట లోపల జరిగిన ఒక పోటీలో గోలు ముందు ఎవరూ లేనప్పుడు, ఎదురుగా తవ్వి పూడ్చిన చిన్న మట్టి దిబ్బ కనిపించి ఆగిపోయాను. బంతి నన్ను దాటి గీత అవతలికి పోయింది. "కిందికేం చూస్తాన్నవ్ రా, పైసలేమన్న పడ్డయా?" అని సెక్రెటరీ అందరి ముందూ అరిచాడు. మర్నాడు రిలీజ్ అడిగాను. నా మీద పెట్టిన ఖర్చు ఇంకా తీరలేదన్నాడు.

ఆ సాయంత్రం మామ దగ్గరికి వెళ్లాను. నాలుగేళ్లుగా కడుపులో దాచుకున్నదంతా, డబ్బాల సంగతి, బావ చెప్పింది, మట్టి దిబ్బ చూసి ఆగిపోయింది, నన్ను అడగకుండా అమ్మిన సంగతి కూడా, ఏడుస్తూ చెప్పాను. మామ బ్లాడరుకు అతుకు వేస్తున్నవాడు పని ఆపాడు. "నీకు నౌకరీ, క్లబ్బు గదికి కప్పు, ఇద్దరికీ మంచిదే అనుకున్న బిడ్డా," అని మాత్రం అన్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు గేటు దగ్గర గోల వినబడి వెళ్లి చూస్తే, తోపుడు బండి మీద ఇరవై రేకులు, వాటి పైన పాత బూట్ల మూట, బండి ముందు మామ, వెనుక మిల్లు టీములోని నలుగురు. ఆ వానాకాలం ముందర తన క్లబ్బు గది కప్పు తానే ఊడదీసుకొని వచ్చాడాయన. షిఫ్టు దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు గుమిగూడారు. కార్ఖానా సెక్రెటరీ బయటికి వచ్చి రేకులను వేలితో తట్టి, "వాడుకోని, తుప్పు పట్టించి వాపస్ తెస్తవా?" అన్నాడు.

మామ జన్మలో ఏ అధికారికీ ఎదురు చెప్పి ఎరుగడు. చేతులు జోడించే అన్నాడు. "రేకులు పాతవడితే పిలగాడు గూడ పాతవడ్డడు గద సార్. మీరు గూడ వాణ్ని నాలుగేండ్లు వాడుకున్నరు. లెక్క సరిపాయె. నా పిలగాణ్ని నాకియ్యుండ్రి."

జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. సెక్రెటరీ మొహం ఎర్రబడ్డది. ఆయన నా వైపు తిరిగి, కాయితం ఇచ్చేది లేదనీ, గేటు దాటితే నౌకరీ లేదనీ, రెండేళ్లు ఏ మైదానంలో కనబడ్డా పోటీ రద్దు చేయిస్తాననీ చెప్పాడు. నాకప్పటికి ఇరవై ఆరేళ్లు. రెండేళ్లు ఆగితే కాళ్లలో వేగం పోతుందని నాకు తెలుసు, మామకు ఇంకా బాగా తెలుసు. మామ నన్ను రమ్మనలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. నేను గేటు దాటి వచ్చి, బండికి ఒక చెయ్యి వేశాను.

ఆ రోజు నేను వీరుణ్నేమీ కాలేదు. దారి పొడవునా అక్క మొహం ఎట్లా చూడాలా అనే నా భయం. మర్నాడు అక్క నాన్న పక్కన రెండో మగ్గం గుంటలో దిగింది, బావ ఇద్దరికీ కండెలు చుట్టాడు. నేను కొన్నాళ్లు మిర్చి బస్తాలు మోశాను, ఎనుమాములలో మార్కెట్ నిలదొక్కుకున్నాక అక్కడ రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో తూకం కాంటా దగ్గర గుమాస్తాగా కుదిరాను, అక్కడే తల నెరిసింది. కార్ఖానాలో నా మిషను మీద మర్నాడే మరొకడు కూర్చున్నాడని విన్నాను. ఫోర్‌మన్ చెప్పింది నిజమే. అయినా ఆ కుర్రవాణ్ని బజారులో చూసినప్పుడల్లా తప్పుకొని పోయేవాణ్ని, నేను దించుకున్న మూటను అతని నెత్తి మీద పెట్టివచ్చినట్టు ఉండేది.

రెండు సీజన్లు గడిచాక మామ నన్ను మిల్లు టీముకు ఒక పోటీలో ఆడించాడు. మోకాళ్లు మొరాయించాయి, మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం. కానీ ఆ గంటన్నరలో నేను ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. అదే నా చివరి ఆట.

మామా పోయాడు, బావా పోయాడు. చివరి దాకా బావ సరిహద్దులోని ఆ ఊరి పేరుకు కార్డులు రాయించేవాడు, ఫలానా కాలువ పక్క చేలల్లో జాగ్రత్తగా దున్నుకోండి అని. జవాబు ఒక్కటీ రాలేదు. అక్కడి లిపి వేరు, మా తెలుగు కార్డు ఎవరు చదివి ఉంటారు? అయినా రాయించేవాడు.

మిల్లు మైదానం ఉన్నచోట ఇప్పుడు ఇళ్లు లేచాయి. పిల్లలు ఆడడం మానలేదు, మా కాలనీ చివర చుట్టూ వల కట్టి, పచ్చికలాగా పరిచిన పచ్చ తివాచీ మీద గంటకు ఇంతని కట్టి ఆడుకుంటున్నారు, ఈ వారం ఒక జట్టు, వచ్చే వారం మరో జట్టు. ఎవరినీ ఏ కాయితమూ కట్టిపడెయ్యదు. సాయంత్రం నడకకు పోయినప్పుడు వల పట్టుకొని కాసేపు చూస్తాను. వాళ్లు తలెత్తుకొని పరుగెత్తుతారు, కాళ్ల కింద ఏముందోనన్న చింత లేకుండా. మా కాలంలో అంత స్వేచ్ఛ ఎవరికుంది అనుకొని సంతోషిస్తాను. ఎక్కడో సరిహద్దు చేలల్లో ఈ ఈడు పిల్లలే గడ్డి కోస్తూ ఉంటారు గదా అని గుర్తుకు వచ్చి, ఆ సంతోషం సగంలోనే ఆగిపోతుంది.