మోటారు సామాన్ల అంగడిలో మా షడ్డకుడు

మెట్‌పల్లిలో వారానికొకసారి జరిగే అంగడిలో పశువులను దాటి, మిరపకాయల కుప్పలు దాటి చివరిదాకా నడిస్తే ఒక కూలిన గోడ ఉండేది. ఆ గోడ నీడలో గోనెసంచులు పరుచుకొని పాతిక ముప్పై మంది కూర్చునేవాళ్ళు. వాళ్ళ ముందు కూరగాయలు ఉండేవి కావు. కార్బురేటర్లు, డైనమోలు, పళ్ళు అరిగిన చక్రాలు, ఏ బండివో ఎవరికీ తెలియని తలుపు పిడులు ఉండేవి. దాన్ని మేము మోటారు సామాన్ల అంగడి అనేవాళ్ళం. నా వయసులో మంచి భాగం ఆ గోడ నీడలోనే గడిచింది. గడిచినంత కాలమూ ఒక మనిషిని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఈ వయసులో అది దాచుకోవలసిన అవసరం లేదు.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో చాలామంది దొరలు కోటల్లాంటి తమ గడీలు విడిచి హైదరాబాదు చేరారు. వాళ్ళ కార్లు పశువుల కొట్టాల్లో ఉండిపోయాయి. మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న లారీలు కొన్ని మా వైపు వచ్చాయి. నడిపేవాళ్ళు తయారయ్యారు గానీ వాటికి కావలసిన సామాను ఎక్కడా లేదు. కరీంనగర్‌లో అడిగితే హైదరాబాదు పొమ్మనేవాళ్ళు. హైదరాబాదులో అడిగితే అది రావడం బందయిందనేవాళ్ళు. అందుకని మాలో మేమే ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరికిచ్చి, కావలసింది తెచ్చుకోవడం మొదలుపెట్టాం. కోరుట్ల, జగిత్యాల, నిర్మల్, ఆర్మూరు డ్రైవర్లు వచ్చేవాళ్ళు. ఆదిలాబాద్ అవతలి నుంచి సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడే ముసలాయన ఒకాయన వచ్చేవాడు. పైసల మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అంతా అదలా బదలీయే.

చూసేవాళ్ళకు అది తుప్పు కుప్ప. మాకు మాత్రం వారమంతా దాని మీదే ధ్యాస. ఒక ముక్కను చేతిలోకి తీసుకొని, బొటనవేలితో మసి తుడిచి, దాని మీది అంకెలు కనబడగానే గుండె దడదడ కొట్టుకునేది. అది మనకు కావలసిందేనని ఎదుటివాడికి తెలియకుండా ముఖం పెట్టడం ఒక విద్య. ఏమీ దొరకని వారం కూడా ఎవరూ తొందరగా లేచేవాళ్ళు కాదు. ఏ లారీ ఏ వాగులో ఆగిపోయింది, ఎవరు సైకిలు ట్యూబుతో పైపు కట్టుకొని ఇల్లు చేరారు, ఈ ముచ్చట్లలో పొద్దు వాలిపోయేది.

నాది కిరాయి కారు. ధర్మపురి యాత్రకు వెళ్ళేవాళ్ళను, పెళ్ళివాళ్ళను తిప్పేవాణ్ణి. జగిత్యాల దగ్గర ఒక గడీలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న కారును తెచ్చి, ఎనిమిది నెలలు కిందా మీదా పడి నడిచేలా చేశాను. దాంతో ఊళ్ళో నాకు గౌరవం పెరిగింది. ఆ గౌరవం రుచి మరిగి సుఖంగా ఉన్న సమయంలో మా షడ్డకుడు, అంటే నా భార్య చెల్లెలి భర్త, ఖానాపూర్‌లో అచ్చం నా కారు లాంటిదే ఒకటి తెచ్చాడు.

నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు. బక్కపలచని మనిషి. నన్ను నోరారా "అన్నా" అనేవాడు. అతను తెచ్చిన కారుకు సీట్లు లేవు, రెండు చక్రాలు లేవు. చూసి వచ్చిన రోజు నేను నా భార్యతో "అది జన్మల లేవది" అన్నాను. ఏడాదిన్నరలో అది లేచింది. పెద్ద పడవ మీద కారును గోదావరి దాటించి దానిలోనే అంగడికి వచ్చాడు. అందరూ చుట్టూ మూగి బానెట్ ఎత్తి చూస్తుంటే నేను గోనెసంచి మీద నుంచి లేవలేదు. ముందే చూసేశానన్నట్టు కూర్చున్నాను.

పనిలో అతను నాకన్నా గొప్పవాడేమీ కాదు. అందుకే మంట మరీ ఎక్కువయ్యేది. నేను ఒక స్ప్రింగు పట్టీ కోసం నాలుగు వారాలు బేరమాడితే, అతని కోసం ఎవరో ఒకరు అది ముందే పక్కన పెట్టి ఉంచేవాళ్ళు. అతను రాగానే "రా తమ్మీ, కూసో" అని చోటిచ్చేవాళ్ళు. నేను వస్తే నా చేతిలో ఏముందో చూసేవాళ్ళు.

నా కారుకు ఎడమవైపు దీపం లేదు. ఊళ్ళో దానికి ఒంటికన్ను కారు అని పేరు పడింది. ఆ దీపం కోసం రెండేళ్ళు వెతికాను. ఒక అంగడి రోజున ధర్మపురి నుంచి యాత్రవాళ్ళను తెచ్చి దింపి, ఆలస్యంగా గోడ దగ్గరికి వెళ్ళేసరికి ఆదిలాబాద్ ముసలాయన ఒక జత దీపాలు మా షడ్డకుడి చేతిలో పెడుతున్నాడు. గాజు పగలలేదు, అంచు చెదరలేదు.

"దేనికి బదలిచ్చినవ్?" అని అడిగాను.

"దేనికీ లేదన్నా. ఊకెనే ఇచ్చిండు" అన్నాడు.

ముసలాయన అందుకున్నాడు. "పొద్దటి సంది నా బండి ముచ్చట విన్నడు. ఇంట్ల ఎవ్వరు వింటలేరు. ఈయన విన్నడు, ఇచ్చిన."

ఆ ముసలాయన పక్కన నేను ఎన్ని వారాలు కూర్చున్నానో! ఎన్నడూ అతని సంచి వైపు తప్ప ముఖం వైపు చూడలేదు.

మా షడ్డకుడు ఒక దీపాన్ని తువ్వాలుతో తుడిచి నా ముందు పెట్టాడు. "అన్నా, నాకు కుడిదొక్కటే అక్కెర. ఎడమది నువ్వు తీస్కో. నీ బండికి సరిగ్గ కూసుంటది."

చెయ్యి చాచాలని ఎంత ఉందో! కానీ చుట్టూ పది మంది చూస్తున్నారు. "నాకేం ఫికర్ లేదు. ఒక్క కన్నుతోనే మంచిగ కనవడ్తది" అన్నాను. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వి, దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఒంటి దీపంతోనే ఇల్లు చేరాను.

మరుసటి ఎండాకాలంలో అతని కారు గోదావరి ఇసుకలో కూరుకుపోయి, లాగేటప్పుడు వెనుక ఇరుసు మధ్యలో ఉండే పళ్ళ చక్రం విరిగింది. మేము దాన్ని క్రౌన్ అంటాం. అది లేకపోతే ఇంజను తిరుగుతుంది గానీ బండి కదలదు. అతను నావలో ఏరు దాటి, బస్సు పట్టుకొని అంగడికి వచ్చి, గోడ మీద బొగ్గుతో దాని బొమ్మ గీసి, పళ్ళ లెక్క రాసి, వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించేవాడు. "జర యాది పెట్టుకోండ్రి అన్నా" అని బతిమాలేవాడు. నాకు ఆ మాటలు వినడానికి హాయిగా ఉండేది. ఆ హాయిని ఎవరూ చూడకుండా తల వంచుకొని ఏదో ఒకటి తోముతూ ఉండేవాణ్ణి.

ఒక వారం అతను రాలేదు. ఇంట్లో పిల్లకు జ్వరమని కబురు పంపాడు. సరిగ్గా ఆ రోజే అందరూ లేచిపోయాక, కొత్తగా వచ్చిన ఒక ఆర్మూరు లారీ డ్రైవరు సంచి విప్పితే అందులో ఆ క్రౌన్ ఉంది. దాంతో పాటు దాని చిన్న చక్రం కూడా తీగతో కట్టి ఉంది. గోడ మీది బొమ్మ చూడనక్కరలేదు, పళ్ళు లెక్కపెట్టాను. సరిపోయాయి. నా కారు క్రౌన్ బాగానే ఉంది. నాకు దానితో పని లేదు. అయినా నా దగ్గరున్న అన్ని సామాన్లలోకి మంచిదైన డైనమో ఇచ్చి దాన్ని తీసుకున్నాను. అతనికి చిక్కకూడదు, అంతే. ఇంటికి తెచ్చి జొన్నల గుమ్మిలో అడుగుదాకా దూర్చి దాచాను.

నెల తర్వాత జొన్నలు తోడుతుంటే నా భార్య చేతికి అది తగిలింది.

"జొన్నలల్ల గిదేంది?"

"ఉండనీ. పనికొస్తది."

దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. "మా చెల్లె పెనిమిటి గోడ మీద బొమ్మ గీస్కుంట పరేషాన్ అయితున్నది గిందుకే కాదా?"

నేను కింద పడ్డ జొన్నలు ఏరసాగాను.

"నీ బండికి అక్కెరనా?"

"ఇయ్యాల కాకుంటే రేపు."

ఆమె దాన్ని మళ్ళీ గుమ్మిలోనే పెట్టి జొన్నలు కప్పింది. రెండు రోజుల తర్వాత నేను కోరుట్ల పెళ్ళివాళ్ళను దింపి వచ్చేసరికి ఇంట్లో లేదు. చెల్లెలి ఇంటికి పోయిందని పక్కింటామె చెప్పింది. గుమ్మిలో చెయ్యి పెట్టి చూశాను. జొన్నలే ఉన్నాయి. అంత బరువును బియ్యం సంచిలో వేసుకొని, కొంత దూరం ఎడ్లబండిలో, తర్వాత నావలో, మిగతాది నెత్తిన పెట్టుకొని నడిచి ఖానాపూర్ చేరిందట. నావ నడిపేవాడు మూటలో ఏముందమ్మా ఇంత బరువని అడిగితే, చెల్లెకు సారె తీసుకపోతున్నానని చెప్పిందట.

మూడో రోజు తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అంది. "నువ్వే నీ డైనమో ఇచ్చి తెచ్చి పంపినవని చెప్పిన. ఇంకేమన్న చెప్పాల్నా?"

ఆ వారం అతను మళ్ళీ కారులోనే అంగడికి వచ్చాడు. దిగుతూనే అందరి ముందు నన్ను పట్టుకున్నాడు. "నాకోసం మా అన్న తన డైనమో ఇచ్చేసిండు. మా వదినె నెత్తిన మోసుకొచ్చింది. గిట్లాంటి మనిషిని చూసిండ్రా ఎక్కడన్న?" ఆ రోజు నుంచి కొత్తగా ఎవరొచ్చినా ఆ కథే. నాకు చోటివ్వడం మొదలుపెట్టారు. ఆదిలాబాద్ ముసలాయన నన్ను పిలిచి, అడగకుండానే ఒక ఇత్తడి మూత చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళు నేను దేనికోసం మండిపోయానో అదంతా నాకు దొరికింది. అయితే అది అతను పెట్టిన భిక్ష. నన్ను మంచివాణ్ణి చేసింది కూడా అతనేనా అని ఇంకా ఎక్కువ మండింది.

నాలుగైదు వారాలు ఓర్చుకున్నాను. ఒక రోజు చాయ్ తాగుతూ నిర్మల్ నుంచి వచ్చిన ఇద్దరికి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను గ్లాసు కింద పెట్టాను.

"ఆపు తమ్మీ. నేను నీకోసం తేలే. నీకు దొరకొద్దని తెచ్చిన. జొన్నలల్ల దాచిన. మీ వదినె నాకు చెప్పకుంట తెచ్చిచ్చింది."

నిర్మల్ వాళ్ళు చాయ్ తాగడం ఆపేశారు. మా షడ్డకుడు నా వైపు తిరిగాడు. అతని ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నేనేం జేసిన అన్నా నీకు?"

"ఏం జెయ్యలే" అన్నాను. అదే నిజం.

అతను తన సంచి మడిచి చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు. తర్వాతి వారం రాలేదు. ఆపై వారం వానలు పట్టాయి. గోదావరి నిండి నావలు ఆగిపోయాయి. అతను రానిది కోపం వల్లో, ఏటి వల్లో నాకు తెలిసే దారి లేదు. ఆ వానాకాలమంతా గోడ దగ్గర నాకు ఏ ముక్క మీదా మనసు నిలవలేదు. మంచి కార్బురేటరు దొరికింది. చేతిలో పట్టుకొని పక్కకు తిరిగాను. ఎవరు చూడాలని తిరిగానో ఆ మనిషి అక్కడ లేడు.

దసరా పోయాక ఏరు తగ్గింది. వచ్చాడు. నేరుగా నా గోనెసంచి ముందుకొచ్చి గొంతుక్కూర్చొని, ఒక డైనమో పెట్టాడు. నేనిచ్చుకున్నదానికన్నా మంచిది.

"గిది క్రౌన్‌కు బదలు. తీస్కో. వద్దంటే మాత్రం ఊకోను."

ఈసారి చెయ్యి చాచాను. అతను పక్కనే కూర్చొని బీడీ వెలిగించుకొని, వానల్లో వాళ్ళ ఊరి చెరువు ఎంత నిండిందో చెప్పాడు. క్రౌన్ మాట తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. అలా మరిచిపోవడం నాకు చేతకాదని తెలుసు. దానికీ లోపల కాస్త మండింది.

కొన్నేళ్ళకు కొత్త లారీలు వచ్చాయి. కరీంనగర్‌లో సామాన్ల దుకాణాలు తెరిచారు. గోడ దగ్గర జనం పలచబడ్డారు. అతను కారు అమ్మేసి బొగ్గుబావుల ఊళ్ళో ఫిట్టరు పనికి కుదిరాడు. ఒకసారి మా ఇద్దరినీ రమ్మని ఉత్తరం రాశాడు. వెళ్ళాం. రెండు గదుల క్వార్టరు, ఇంట్లోనే నల్లా, కరెంటు దీపం. నా భార్య నల్లా తిప్పుతూ, కట్టేస్తూ, మళ్ళీ తిప్పుతూ ఉంటే నాకు పాత మంట మళ్ళీ రాజుకుంది.

సెలవు రోజు పొద్దున నన్ను క్వార్టర్ల వెనక మైదానానికి తీసుకుపోయాడు. అక్కడ పదిహేను మంది నేల మీద పాత సామాన్లు పరుచుకొని కూర్చున్నారు. మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఉత్తరాది వాళ్ళు, మన వాళ్ళు. ఎవరి భాష వాళ్ళది. చేతుల సైగలతో బదలీలు జరుగుతున్నాయి. ఇది మొదలుపెట్టింది ఎవరని అడగలేదు. అడగక్కరలేదు.

ఒక పక్క ఒక పాత జీపు మొరాయిస్తోంది. మా షడ్డకుడు గంటసేపు దాని మీద వంగి ప్లగ్గులు విప్పాడు, తుడిచాడు, బిగించాడు. అది లేవలేదు. అందరూ అతని వైపే చూస్తున్నారు. నేను వెళ్ళి ఒకసారి హ్యాండిల్ తిప్పమన్నాను. చెవి పెట్టి విన్నాను. పెట్రోలు పైపులో ఎక్కడో గాలి పట్టింది. ఒక నట్టు సగం చుట్టు వదులు చేసి, గాలి పోయాక బిగించాను. మరొకసారి తిప్పగానే జీపు లేచింది. చుట్టూ వాళ్ళు కేకలు వేశారు. ఎవరో నా భుజం తట్టి ఏదో భాషలో మెచ్చుకున్నారు.

నేను మా షడ్డకుడి వైపు చూశాను. అతను నవ్వుతున్నాడు గానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. చేతులు శుభ్రంగా ఉన్నా మళ్ళీ మళ్ళీ గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఆ ముఖాన్ని నేను చప్పున గుర్తుపట్టాను. ఇరవై ఏళ్ళు నా ఒంట్లో మోసినదాన్ని గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను?

"మంచిగ పట్టినవ్ అన్నా" అని చెప్పి, అతను అటు తిరిగి పనిముట్లు ఏరుకోసాగాడు.

నేను ఆ జీపు పక్కనే నిలబడ్డాను. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. సాయంత్రం బస్సులో నా భార్య "ఏందయ్యా, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.