తప్పైందని అన్నందుకు

మొన్న బోధన్ బస్సు దిగి నిజామాబాద్ బస్టాండు బయట ఆటో కోసం నిలబడితే, ఎదురుగా మేడ మీద విదేశీ చదువుల కన్సల్టెన్సీ వాళ్ల బోర్డు కనిపించింది. నల్ల టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న పిల్లలు, ఒక్కొక్కరికీ ముప్పైరెండు పళ్లూ బయటే. ఆ టోపీ నా నెత్తికి ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో మన ఈడు వాళ్లకు చెబితే తప్ప అర్థం కాదు, అందుకే ఈ కడుపుమంట మీ ముందు పెడుతున్నాను.

చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మా బాపు బోధన్‌లో చెరకు తూకం వేసే కాటా దగ్గర గుమాస్తా. సీజన్ వచ్చిందంటే కోటగిరి వైపు నుంచి బండ్లు బారులు తీరేవి, నా బండి ముందంటే నా బండి ముందని రైతులు కలబడేవారు. బాపు తీర్పు ఎప్పుడూ ఒక్కటే: తప్పు ఎవరిదైనా సరే, ఇద్దరిలో చిన్నవాడు చేతులు జోడించి తప్పైందనాలి, పెద్దవాడు వాడి భుజం తట్టి చాయ్ తాగించాలి. అంతటితో తగువు ఖతం. ఆ మాట అన్నవాణ్ణి దోషి అని ఎవరూ అనుకునేవారు కాదు, బుద్ధిమంతుడనేవారు. మా ఇంట్లోనూ అదే చట్టం. అక్క గ్లాసు పగలగొట్టినా తప్పైందన్నది నేనే, చిన్నదాన్ని గనుక.

ఇక చదువంటారా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తేనే మార్కులు, సొంత పైత్యం రాస్తే చేతి మీద బెత్తం, మనమంతా అలా చదివిన వాళ్లమే కదా. ఇంగ్లండులో ఎమ్మెస్సీకి వెళ్లినా నా తీరు మారలేదు. పరీక్షలో పాఠ్యపుస్తకం పేజీలను కామాలతో సహా దించేశాను. మనిషన్నవాడు అంత కంఠతా పట్టగలడని అక్కడి వాళ్ల ఊహకైనా రాలేదు. చీటీలు తెచ్చి కాపీ కొట్టానన్నారు. చీటీ దొరికింది లేదు, చూసినవాడు లేడు, అయినా విచారణకు పిలిచారు.

ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేస్తే బాపు తనకు తెలిసిన ధర్మమే చెప్పాడు. "ఎదురు మాట్లాడకు బిడ్డా. పెద్దోళ్ల ముందట చేతులు జోడించి తప్పైందను. గంతే, అయిపోతది."

అన్నాను. విచారణలో బల్లకు అవతల కూర్చున్న నెరిసిన జుట్టు పెద్దావిడ ఎంతో దయగా తలూపితే, ఇక చాయ్ తెప్పిస్తారేమో అన్నంత ధీమాతో బయటికొచ్చాను. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది: విద్యార్థిని నేరం అంగీకరించింది, డిగ్రీ ఇవ్వబడదు.

అప్పుడు మొదలైంది నా అప్పీళ్ల భాగోతం. మా వైపు ఆ మాట ఒప్పుకోలు కాదు, పెద్దలకిచ్చే మర్యాద అని రాశాను. పుస్తకం మీ చేతిలో పెట్టుకోండి, ఏ పేజీ అడిగితే ఆ పేజీ చూడకుండా అప్పజెబుతానని ఆఫీసు కిటికీ దగ్గర బతిమాలాను. ఒక్కరంటే ఒక్కరు పుస్తకం తెరవలేదు. ఒప్పుకున్న నేరం మీద అప్పీలు చెల్లదని రెండు ముక్కల్లో తేల్చేశారు. వాళ్ల మీద కోపం నాకు ఇప్పటికీ పచ్చిగానే ఉంది, దాచుకోను.

తిరిగొచ్చాక బాపు మాత్రం నేను అక్కడ ఎదురు తిరిగానని ఖాయం చేసుకున్నాడు. లేకపోతే పెద్దలు ఎందుకు మన్నించరు? వచ్చిన చుట్టాలందరితో అదే మాట. "తప్పైందని ఒక్కపారి అంటే అయిపోతుండె. గీ పిల్లకు నోరెక్కువ." ఆ ఒక్కమాటే నన్ను ముంచిందని ఆయనకు చెప్పలేకపోయాను. నోరుగల్ల కూతురు ఉన్నందుకు బాధపడుతూనే పోయాడు గానీ, కూతుర్ని ముంచిన తండ్రినని తెలియకుండా పోయాడు.

ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, బండ్లూ లేవు. మా వీధిలో ప్రహరీ గోడ తగువు కూడా పోలీసు స్టేషను దాకా పోతోంది, తప్పైందనే మనిషే కరువయ్యాడు. చేయని తప్పు ఎవరి ముందూ ఒప్పుకోవద్దని నా పిల్లలకు పాలతో పాటే పట్టించాను, బాగా వంటబట్టింది. ఇప్పుడు వాళ్లు చేసిన తప్పుకు కూడా ఆ మాట అనరు, అనమని చెప్పడానికి నాకు నోరు రాదు.