మా ఆయన్ను నమ్మని పక్కింటి పెద్దమ్మ

పక్కింటి పెద్దమ్మ పోయిందని మా ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. నేను బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతూ ఉన్నాను. "నన్ను అనుమానించే మనిషి ఇంక లేదు" అన్నాడు. గొంతు ఒక మాదిరిగా ఉంటే నవ్వుతున్నాడేమో అనుకున్నాను. కాదు, ఏడుస్తున్నాడు. నాకు మాత్రం వెంటనే ఏడుపు రాలేదు. ముందు నమ్మకమే కలగలేదు. ఎవరెవరు వస్తారో, వచ్చినవాళ్లలో ఎవరు నిజంగా ఏడుస్తారో చూద్దామని కళ్లు మూసుకుని పడుకుందేమో అనిపించింది. అంతపనీ చేయగల మనిషే.

తిరుచానూరులో మా వాటాకూ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఈ భూమ్మీద ఆమె అనుమానించని వస్తువు లేదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి, చుక్క జారే తీరు చూసి గానీ గిన్నె లోపలికి తీసుకుపోయేది కాదు. పూలమ్మే ఆమె మూర కొలిస్తే ఒప్పుకునేది కాదు. "నీ చేయి పొట్టి, నా చేత్తో కొలువు" అని తన మోచేయి చాచేది. కొడుక్కి గుడి దగ్గర పసుపు కుంకుమల అంగడి ఉంది. సొంత కొడుకు తెచ్చిన పసుపును కూడా గ్లాసు నీళ్లలో వేసి, అడుగున ఏం దిగుతుందో చూశాకే డబ్బాలో పోసేది. ఏమన్నా అంటే "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినాయంట. నానబోసే ముందే సూసుకోవాల మ్మే" అనేది.

ఇలాంటి మనిషి పక్కన కాపురం పెట్టాము.

మాది పలమనేరు. ఎండాకాలంలోనూ తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునే ఊరు. పెళ్లయి ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలోనే నా ముక్కు నామీద ఎదురుతిరిగింది. వడగాలికి లోపల ఎండిపోయి, వంగితే నెత్తురు, చీదితే నెత్తురు. తువ్వాళ్లు ఎంత ఉతికినా గోధుమరంగు మరకలు పోయేవి కావు. మిద్దెమీద వాటిని ఆరేస్తుంటే పెద్దమ్మ వడియాలు పెట్టడం ఆపి మరీ చూసేది.

"ఏంది మ్మే ఆ మరకలు?"

"ముక్కులోంచి నెత్తురు కారింది పెద్దమ్మా. వేడి చేసింది."

"ఊరికే కారిందా?"

"ఊరికే."

"ఊరికే యాడన్నా కారతాదా?" అని దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని నా ముఖాన్ని ఎండవైపు తిప్పింది. మెడ చూసింది. గాజులు పైకి తోసి మణికట్టు చూసింది. ఆమె నా బంగారం లెక్కపెడుతోందని అనుకున్నాను. ఆమెకు నామీద అనుమానమైతే నాకు ఆమెమీద అంతకు రెండింతలు. మా వాటా తన చుట్టాలకు ఇప్పించుకోవడానికి ఏదో ఎత్తు వేస్తోందని మా ఆయనతో గట్టిగా వాదించాను కూడా.

అసలు సంగతి నాలుగు రోజులకు తెలిసింది. మా ఆయన ఇక్కడే ఒక లాడ్జీలో మేనేజరు. యాత్రికులు వచ్చే వేళను బట్టి ఆయన డ్యూటీ. ఒకరోజు పగలు, ఒకరోజు రాత్రి. వేళాపాళా లేకుండా ఇంటికొచ్చే మగవాడు, మిద్దెమీద నెత్తుటి మరకల తువ్వాళ్లు. పెద్దమ్మ ఈ రెండిటినీ కలిపి ముడివేసింది. పెరుగు తోడుకని వచ్చి, తలుపు దగ్గరగా వేసి అడిగింది.

"నిజం సెప్పు. ఆ లాడ్జీ అబ్బయ్య సెయ్యి సేసుకుంటాడా?"

నాకు ఒళ్లు మండిపోయింది. లేదని చెప్పాను. "సరేలే" అంది. ఆ సరేలేలో సరే అన్నది ఎక్కడా లేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక మధ్యాహ్నం. మా ఆయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పడుకుని లేచాడు. నేను వంగి ఇల్లు ఊడుస్తుంటే ముక్కులోంచి ఒక్కసారిగా ధార మొదలైంది. కంగారులో స్టూలును తన్నాను. దానిమీది ఇత్తడి చెంబు దొర్లింది. నేను "అయ్యో" అని అరిచాను, ఆయన "కదలొద్దు, కూచో" అని గద్దించాడు. గోడకు అవతల వినపడింది ఇంతే. చెంబు పడిన చప్పుడు, ఆడమనిషి కేక, మగవాడి గద్దింపు.

ఎండకు సొమ్మసిల్లే యాత్రికుల కోసమని లాడ్జీ వాళ్లకు ఒక నర్సు చేత ప్రథమ చికిత్స నేర్పించారు. ఆ నేర్చుకున్నది ఆ రోజు నామీద పనికొచ్చింది. నన్ను స్టూలుమీద నిటారుగా కూర్చోబెట్టి తల కొంచెం ముందుకు వంచాడు. ముక్కు ఎముక కింద మెత్తగా ఉండేచోట రెండువైపులా వేళ్లతో గట్టిగా నొక్కి పట్టాడు. "నోటితో గాలి పీల్చు. నోట్లోకి వచ్చింది మింగొద్దు, ఉమ్మెయ్" అన్నాడు. పట్టుకున్నాక పది పదిహేను నిమిషాలు వదలకూడదట. ఆగిందా అని మధ్యలో వదిలి చూస్తే గడ్డకట్టేది కాస్తా చెదిరిపోయి మళ్లీ మొదటికి వస్తుందట. గోడ గడియారం చూస్తూ పట్టుకున్నాడు.

అప్పుడు తలుపు దడాలున తెరుచుకుంది. పెద్దమ్మ సంగటి కెలుకుతూ కెలుకుతూ ఆ కట్టెతోనే వచ్చేసింది. ఆమెకు కనిపించింది చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. నేలంతా నెత్తురు. నామీదికి వంగిన మగవాడి వీపు. నా ముఖంమీద వాడి చేయి. గాలి ఆడక గింజుకుంటున్నట్టు నోరు తెరిచి నేను.

"ఇడువురా! పిల్లని సంపుతావా, ఇడువు!"

కట్టెకు అంటుకున్న వేడి సంగటితో సహా మొదటి దెబ్బ వీపుమీద పడింది. రెండోది భుజంమీద. మా ఆయన కేకపెట్టాడు గానీ చేయి తీయలేదు.

"కొట్టుకో పెద్దమ్మా, ఎంతైనా కొట్టుకో. ఇప్పుడు వదిలేది లే. వదిలితే మళ్లా మొదలయితాది."

"ఏంది మొదలయ్యేది? ఇడుస్తావా లేదా?"

దెబ్బ ఒక్కటి కూడా గురి తప్పలేదు. ఆయన కాదు, ఆయన తప్పేమీ లేదు అని చెబుదామంటే నా ముక్కు మూసి ఉంది, నోటినిండా నెత్తురు. ఊఁ ఊఁ అని చేతులు ఊపాను. దాన్నామె ఏడుపు కింద జమకట్టుకుని ఇంకొకటి వేసింది. చివరికి నేను ఆమె కట్టెను పట్టుకుని, రెండో చేత్తో నా ముక్కునూ, దాన్ని నొక్కుతున్న ఆయన వేళ్లనూ చూపించాక కొంచెం తగ్గింది.

"సరే, నువ్వు సెయ్యి తియ్. నేను పట్టుకుంటా."

"పట్టుకో. నా వేళ్లు తీసే లోపలే నీ వేళ్లు పడాల."

అలా నా ముక్కు చేతులు మారింది. ఆమె పట్టుకోగానే నా తల వెనక్కి వంచబోయింది. ఆయన అడ్డం పడ్డాడు. "వెనక్కి వాలిస్తే నెత్తురు గొంతులోకి దిగతాది, వాంతి అయితాది" అన్నాడు. పెద్దమ్మ కళ్లు చిన్నవి చేసి చూసింది.

"నీకింత బాగా ఎట్ల తెలుసు? ఎన్నిమార్లు సేసినావు ఈ పని?"

ఆయన ఫ్రిజ్ లోంచి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చి ముక్కుమీద పెట్టబోతే, ఆ గుడ్డను లాక్కుని విప్పి చూసింది. రాయి పెట్టాడనుకుందేమో తెలియదు. గడియారం చూసి వదిలితే మళ్లీ కారింది. ఇంకోసారి అంతసేపూ పట్టుకున్నారు. అప్పుడూ ఆగలేదు. "రెండుమార్లు పట్టినా ఆగలేదంటే ఇంక ఇంట్లో కూచోకూడదు" అని ఆయన ఆటో తెచ్చాడు. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది. పెద్దమ్మ మా ఇద్దరి మధ్యా ఎక్కి కూర్చుని, తిరుపతి ఆసుపత్రి దాకా నా ముక్కు వదల్లేదు.

డాక్టరు మందు తడిపిన దూది పెట్టి ఆపాడు. పొడి గాలికి ముక్కు ముందుభాగంలోని సన్నటి రక్తనాళం చిట్లిందన్నాడు. బీపీ చూసి బాగానే ఉందన్నాడు. లోపల రాసుకోవడానికి పూతమందు ఇచ్చాడు. కొన్నిరోజులు చీదొద్దు, వంగి బరువులెత్తొద్దు, వేడివేడి కాఫీ తాగొద్దు అన్నాడు. పెద్దమ్మ మా ఆయన్ను బయటికి పంపించి, డాక్టరును నిలదీసింది. "దెబ్బేమన్నా తగిలినట్టు ఉండాదా, సరిగ్గా సూడు." డాక్టరు ఓపిగ్గా చూసి, దెబ్బ గుర్తులేమీ లేవమ్మా అన్నాడు. బయటికి వస్తూ నా చెవిలో అంది, "డాక్టరు గూడా మొగోడే గదా."

అయినా ఆ వారం నాకు వంగే పని పడలేదు. వాకిలి ఊడ్చింది ఆమే, నీళ్లు పట్టింది ఆమే. తలకింద రెండు దిండ్లు ఉన్నాయో లేదో వచ్చి తడిమి చూసేది. చల్లటి మజ్జిగ గ్లాసు నా ఎదుట పెట్టి, తాగేదాకా కదిలేది కాదు. తల ముందుకే వంచాలన్న మాట నిజమా కాదా అని మందుల అంగడిలో ఒకసారి, నర్సమ్మ దగ్గర ఒకసారి అడిగి రూఢి చేసుకుంది. తర్వాత వీధిలో ఎవరి పిల్లలకు ముక్కులోంచి నెత్తురు కారినా "ముందుకు వంచు, మెత్తని కాడ పట్టు, ఇడిసి సూడొద్దు" అని ఆమే పరిగెత్తేది. ఎవరు చెప్పారంటే డాక్టరు చెప్పాడనేది. మా ఆయన పేరు మాత్రం నోట రానిచ్చేది కాదు.

ఆ సంగటి కట్టె కథ వీధంతా పాకింది. పూలమ్మే ఆమె నా తలలో పూలు పెడుతూ "మీ ఆయన కొడతాడంటనే" అని జాలిపడింది. లాడ్జీలో తోటివాళ్లు ఆయన్ను చూసి మాట మార్చడం మొదలుపెట్టారు. మా ఆయన నెమ్మదస్తుడు. అలాంటి మనిషికీ కోపం నషాళానికి అంటింది. పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడి అందరూ వినేట్టు అన్నాడు.

"రేపే కాణిపాకం పోదాం రా. తలస్నానం చేసి స్వామి ముందర ప్రమాణం చేస్తా. అప్పుడన్నా నమ్ముతావా?"

మా వైపు కాణిపాకం ప్రమాణం అన్న మాట వచ్చిందంటే ఎంత పెద్ద తగాదా అయినా అక్కడికి ఆగిపోవాల్సిందే. అబద్ధపు ప్రమాణం చేసినవాణ్ని వినాయకుడు ఊరికే వదలడని పసిపిల్లలకు కూడా తెలుసు. పెద్దమ్మ ఆ స్వామికి పరమ భక్తురాలు. ఎగిరి గంతేసి ఒప్పుకుంటుందనుకున్నాము. ఆమె మాత్రం తల అడ్డంగా ఊపింది.

"వద్దబ్బయ్యా. పెమాణాలు నాకొద్దు."

"దేవుడి మీద గూడా అనుమానమేనా నీకు?"

"దేవుడు సూసుకుంటాడులే. ఆయన సూసుకునే లోపల పిల్ల ముక్కు ఎవురు సూసుకోవాల?"

మా ఆయనకు ఆ మాట చెంపమీద కొట్టినట్టయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. నాకైతే ఆమెను దులిపేయాలన్నంత కోపం వచ్చింది. కానీ అనుమానం అంటుజబ్బు. ఆయన గొంతు కొంచెం పెరిగితే చాలు, గోడ అవతల ఆమె చెవి పెట్టి ఉంటుందని నాకు గుర్తొచ్చేది. దాని వెనకాలే, ఈయన నిజంగా ఇంతేనా, ఇంకేమైనా ఉందా అని ఒక పాడు ఆలోచన దూరేది. ఆలోచించి, సిగ్గుపడి, ఆమెనే తిట్టుకునేదాన్ని.

ఏళ్లు గడిచాయి. పెద్దమ్మ అడగడం మానలేదు. ఆయన ఊళ్లో లేని రోజు చూసుకుని, చింతచిగురో నాలుగు మునక్కాయలో చేతిలో పెట్టి "ఏం లేదు గదా మ్మే?" అనేది. "లేదు పెద్దమ్మా." "సరేలే." మొన్న జబ్బుపడ్డాక నేను గంజి తాగిస్తుంటే కూడా చెంచా పక్కకు తోసి అదే అడిగింది. "ఇన్నేళ్లయింది, ఇంకా నమ్మకం లేదా పెద్దమ్మా?" అన్నాను. "నమ్మేదానికి ఊరంతా ఉండాది. అడిగేదానికి ఒకరన్నా ఉండాల గదా" అని కళ్లు మూసుకుంది. ఆమె నాతో మాట్లాడిన ఆఖరి మాటల్లో అదొకటి.

ఆమెను సాగనంపే రోజు ఇల్లంతా జనం. నాకు తెలియని ఒకామె చిత్తూరు బస్సు దిగి నేరుగా వచ్చి, పెద్దమ్మ పాదాలమీద తల ఆనించి ఎంతసేపటికీ లేవలేదు. లేచాక చూశాను. ముక్కు ఎముక ఒకవైపుకు ఒరిగి ఉంది. మంచినీళ్లు ఇచ్చి, ఎవరమ్మా మీరు అని అడిగాను.

"మీరుండే వాటాలో మీకంటే ముందు మేమే ఉన్న్యామక్కా" అంది. తర్వాత ఒక్కొక్క మాటగా చెప్పింది. "మా ఇంటాయన కొడతా ఉన్న్యాడు. ఈమె గోడకవతల విని వచ్చి అడిగేది. ఎన్నిమార్లు అడిగినా నేను లేదనే చెప్పినాను. ఊరికే నెత్తురు కారింది, వేడి చేసింది అన్న్యాను. ఈమె ఊరుకోక ఆయన్నే అడిగింది. ఆయన కాణిపాకం పోయి ప్రమాణం చేసి వచ్చినాడు. స్వామి మీద భక్తి గదా, నమ్మేసింది. అడిగేది మానుకునింది. ఆ నెలలోనే ఇది జరిగింది" అని ముక్కుమీద వేలు పెట్టి చూపించింది. "ఆ పొద్దు ఈమె ఇంక నన్నేమీ అడగలా. ఆటో పిలిచి, నన్ను ఎక్కించి, చిత్తూరులో మా అమ్మ దగ్గర దించి వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్న్యా. చెప్పలేదు గదా?"

చెప్పలేదన్నాను. ఊరికే కారింది, వేడి చేసింది అని నేనూ అన్నాను, ఈమె కూడా అంది. నా నిజమూ ఈమె అబద్ధమూ పెద్దమ్మ చెవికి ఒకే మాదిరి వినపడ్డాయి. వాటిని విడదీసే దారి ఆమెకు లేదు. అందుకే బతికినన్నాళ్లూ అడుగుతూనే ఉంది. నేను దాన్ని నా సంసారంలో వేలు పెట్టడం అనుకున్నాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

పాడె లేచింది. "అన్నా, నువ్వూ ఒక భుజం పట్టు" అని పెద్దమ్మ కొడుకు మా ఆయన్ను పిలిచాడు. ఆడవాళ్లం వీధి మలుపు దగ్గర ఆగిపోయాము. మా ఆయన పాడె మోస్తూ, ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసి ముందుకు సాగాడు.

"ఆయనేనా మీ ఇంటాయన?" అంది పక్కన నిలబడ్డ చిత్తూరు ఆమె.

"అవును."

ఆమె నా దగ్గరికి జరిగింది. కొంగుతో నా చెంపలు తుడిచి, గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"ఏం లేదు గదక్కా?"

"ఏం లేదమ్మా. నిజంగా ఏం లేదు."

"సరేలే" అని ఆమె, మలుపు తిరిగిపోతున్న మా ఆయన వీపు వైపు అలాగే చూస్తూ నిలబడింది.